కుటుంబ ఆరోగ్యము: ఊపిరితిత్తికి వేసిన లోహపు కుట్లు



ఈ నెల శీర్షికనంతా ఒక్క ఉత్తరానికే కేటాయిస్తున్నాను. ఎర్రగుంట్ల దగ్గర కలమల్ల నుండి ఒక సహోదరి నాలుగు పేజీల ఉత్తరం వ్రాశారు. ఇప్పటికి దొరికిన తెలుగు శాసనాలలో మొదటిదని పేరొందిన, సుమారు 575 నాటి శాసనం ఆ ఊరిదే గనుక ఆ పేరు మన పాఠకులలో చాలామంది ఎరిగినదే. వారి కోరిక మేరకు వ్రాసినవారి పేరు, ఆసుపత్రి పేరు ఇక్కడ ఇవ్వడం లేదు.

ఆమె తమ్మునికి నలభై రెండేళ్ళు. నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో పని. పదేళ్ళ క్రిందట టీబీ వస్తే ఆరు నెలలు మందులు మింగాడు, నయమైంది. కాని కుడి ఊపిరితిత్తి పైభాగం చెడిపోయి అలాగే ఉండిపోయింది. నిరుడు దగ్గులో రక్తం పడింది. రెండవసారి గ్లాసెడు పడేసరికి ఇంటిల్లిపాదీ హడలిపోయారు. చెడిన భాగాన్ని తీసివేయాలని వైద్యులు చెప్పారు. “పెద్ద కోత ఉండదు, చిన్న రంధ్రాలలో కెమెరా పెట్టి చేస్తాము, వారంలో ఇంటికి పోవచ్చు” అన్నారు. ఆపరేషను మధ్యలో ఒక డాక్టరు బయటికి వచ్చి, “స్టేప్లరు సరిగా పట్టలేదు, ప్రక్క తెరవవలసి వస్తున్నది” అని చెప్పి సంతకం తీసుకున్నారు. తరువాత పదకొండు రోజులు, ప్రక్కలో పెట్టిన గొట్టం నుండి సీసాలోకి గాలి బుడగలు వస్తూనే ఉన్నాయి.

ఇప్పుడు అతడు ఇంటిలో ఉన్నాడు. సంగటి తింటున్నాడు, వీధి చివర దాకా నడుస్తున్నాడు. కాని ఇంటిలో నెమ్మది లేదు. చూడవచ్చినవారిలో ఒకరు, “లోపల ఇనుప పిన్నులు వదిలేశారట, తుప్పు పట్టి ఊపిరితిత్తి అంతా పుండవుతుంది” అన్నారు. ఇంకొకరు, “ఊరుకుంటే ఎలా, కేసు వేయండి” అన్నారు. ఈ మాటలు విని తమ్ముడు, “నేను ఇక ఆ ఆసుపత్రి గడప తొక్కను” అంటున్నాడు. నెల దాటినా చూపించుకోవడానికి వెళ్ళలేదు.

ఆమె అడిగినవి నాలుగు ప్రశ్నలు. ఆ పిన్నులు ఏమిటి? గాలి అన్ని రోజులు ఎందుకు కారింది? చిన్న రంధ్రాలని చెప్పి పెద్దగా ఎందుకు కోశారు? తప్పు ఎవరిది? నాలుగింటికీ వరుసగా జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను. అన్నిటికంటె ముందు చెప్పవలసిన మాట ఒకటున్నది. సహోదరీ, తమ్ముణ్ణి చెకప్‌కు తప్పక తీసుకొని వెళ్ళండి. ఆ ఆసుపత్రి ఇష్టం లేకపోతే వేరొక ఆసుపత్రికైనా కాగితాలన్నీ పట్టుకొని వెళ్ళండి. ఎందుకో చివరి వరకు చదివితే మీకే తెలుస్తుంది.

ఊపిరితిత్తుల ఆపరేషను మన ప్రాంతానికి కొత్త కాదు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతంలో ఊపిరితిత్తుల జబ్బులకు కారణాలు వెదకనక్కర లేదు. నాపరాళ్ళు కోసే మిషన్ల దుమ్ము, సిమెంటు ఫ్యాక్టరీలు, థర్మల్ విద్యుత్ కేంద్రపు బూడిద కళ్ళెదుటనే ఉన్నాయి. పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లి గనులలో ఒకప్పుడు రాతినార త్రవ్వారు. రాతి దుమ్ములో సిలికా ఎక్కువైతే ఊపిరితిత్తి గట్టిపడడమే గాక టీబీని తట్టుకొనే శక్తి కూడా తగ్గుతుంది. వీటన్నిటికీ బీడీ తోడవుతుంది.

జమ్మలమడుగులో లండన్ మిషన్ వారు నెలకొల్పిన క్యాంబెల్ ఆసుపత్రి మన పెద్దలకు తెలిసినదే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో, డెన్మార్కు దేశస్థుడైన డాక్టర్ ఫ్రిమట్ మొల్లర్ నడిపించిన క్షయ శానిటోరియం 1912లో మొదలైనది. అప్పటికి టీబీకి మందులు లేవు. విశ్రాంతి, మంచి గాలి, మంచి ఆహారము, ఇవే చికిత్స. ఆ కాలపు శానిటోరియములలో కొందరికి ప్రక్కటెముకలు తీసివేసి జబ్బు ఊపిరితిత్తిని అణచివేసే ఆపరేషను చేసేవారు. 1948లో అమెరికా సర్జన్ డాక్టర్ రీవ్ బెట్స్ వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో ఛాతీ శస్త్రచికిత్సా విభాగాన్ని ఆరంభించారు. మన దేశంలో అటువంటి విభాగాలలో అదే మొదటిదని చెబుతారు. ఎర్రగుంట్లలో రైలెక్కి వేలూరుకు వెళ్ళి, ప్రక్కన అడుగు పొడవు మచ్చతో తిరిగి వచ్చినవారు మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు. ఆ పెద్ద మచ్చ లేకుండా చేయాలన్న ప్రయత్నములో నుండే మీరు అడిగిన స్టేప్లరు ఊపిరితిత్తుల ఆపరేషనులో ఇంత ముఖ్యమైనది.

ఆ పిన్నులు ఏమిటి?

కుడి ఊపిరితిత్తిలో మూడు భాగాలు, ఎడమదానిలో రెండు భాగాలు ఉంటాయి. ఒక్కొక్క భాగానికి ముఖ్యంగా మూడు దారులు. గుండె నుండి చెడు రక్తం తెచ్చే ధమని, శుభ్రమైన రక్తాన్ని గుండెకు చేర్చే సిర, గాలి వచ్చి పోయే శ్వాసనాళం. ఒక భాగాన్ని తీసివేయాలంటే ఈ మూడింటినీ మూసి, తెంపి, ప్రక్క భాగానికి అంటుకొని ఉన్న చోట ఊపిరితిత్తిని కూడా విడదీయాలి. ప్రక్క పెద్దగా తెరిచినప్పుడు సర్జను చేతులు లోపలికి పోతాయి. దారంతో ముడివేసి కుట్టవచ్చు. వేలెడంత రంధ్రంలో చేయి పట్టదు. అక్కడ పనికి వచ్చేదే స్టేప్లరు.

ఆఫీసులో కాగితాలకు పిన్నులు కొట్టే స్టేప్లరును మనమందరం చూచాము. ఇదీ ఆ జాతిదే. పొడవైన కడ్డీ చివర కొంగముక్కు వంటి రెండు దవడలు ఉంటాయి. మూయవలసిన నాళాన్ని ఆ దవడల మధ్య పట్టి నొక్కితే సన్నని పిన్నులు ఒక్కొక్క వైపు రెండు మూడు వరుసలుగా దిగుతాయి. వాటి నడుమ చిన్న కత్తి జరిగి నాళాన్ని రెండుగా కోస్తుంది. ఒకే కదలికలో కుట్టడం, కోయడం రెండూ జరుగుతాయి. పిన్ను కాళ్ళు లోపలికి వంగి, ప్రక్కకు పడుకున్న ఇంగ్లీషు బి అక్షరం ఆకారంలో ముడుచుకుంటాయి. ఆ ఆకారం వల్ల పెద్ద నాళం మూసుకుంటుంది, అంచులోని సన్నని రక్తనాళాలకు మాత్రం కాస్త సందు మిగులుతుంది. అంచు చచ్చిపోకుండా మానడానికి ఆ సందు అవసరం.

ఈ పిన్నులు సాధారణంగా టైటానియం అనే లోహముతో చేసినవి. టైటానియం మన శరీరంలో తుప్పు పట్టదు. విరిగిన ఎముకలకు, పంటికి వేసే మరలలో కూడా దానిని వాడతారు. వీటిని తీయడానికి మళ్ళీ ఆపరేషను అవసరం లేదు. జీవితాంతం లోపలే ఉంటాయి. అయస్కాంతం వీటిని లాగదు గనుక సాధారణంగా ఎమ్.ఆర్.ఐ. పరీక్షకు కూడా అడ్డం కాదు. అయినా పరీక్ష చేసేవారికి ముందుగా చెప్పడం మంచిది. “వదిలేశారు” అనే మాట సరికాదు. కావాలనే, అక్కడ ఉండడానికే వేశారు. ఎక్స్‌రేలో అవి సన్నని గొలుసులాగా కనబడితే భయపడవద్దు.

ఈ పరికరానికి నూరేళ్ళకు పైగా చరిత్ర ఉన్నది. 1908లో హంగరీ దేశపు సర్జన్ హ్యూమర్ హ్యుల్ట్‌ల్ మొదటి స్టేప్లరును కడుపు ఆపరేషనులో వాడాడు. అది మూడు కిలోలకు పైగా బరువు. 1950 తరువాత మాస్కోలో దానిని తేలిక చేసి ఊపిరితిత్తులకు పనికివచ్చేలా తయారు చేశారు. 1958లో అమెరికా సర్జన్ మార్క్ రావిచ్ సోవియట్ దేశానికి వెళ్ళినప్పుడు కీవ్ నగరంలో దానిని చూచి, ఒకటి కొనుక్కొని తన దేశానికి పట్టుకొనిపోయాడు. 1967 నుండి అమెరికాలో స్టేప్లర్లు అమ్మకానికి వచ్చాయి. సన్నని రంధ్రంలో నుండి పోగల స్టేప్లరు 1990 ప్రాంతంలో వచ్చింది. ఆ వెంటనే, 1990ల ఆరంభంలో, కెమెరా సాయముతో ఊపిరితిత్తి భాగాన్ని పూర్తిగా తీసివేసే ఆపరేషన్లు మొదలైనాయి. నొప్పి తగ్గింది. మనిషి త్వరగా లేచి తిరుగుతున్నాడు. ఈ మేలు నిజమైనది. దీనివల్ల వచ్చే ఇబ్బందులు కూడా నిజమైనవే.

గాలి అన్ని రోజులు ఎందుకు కారింది?

స్టేప్లరు వాడిన తరువాత అన్నిటికంటె ఎక్కువగా కనబడే ఇబ్బంది ఇదే. ఊపిరితిత్తి గట్టి కండ వంటిది కాదు. గాలి నిండిన మెత్తని నురగ వంటిది. ఊపిరి తీసిన ప్రతిసారీ ఉబ్బుతుంది, వదిలినప్పుడు తగ్గుతుంది. దానికి పిన్నుల వరుస వేస్తే, పిన్ను దిగిన చోట సన్నని రంధ్రముంటుంది. మెత్తని గుడ్డకు గట్టి అంచు కుట్టి లాగితే గుడ్డ అంచు ప్రక్కన చినుగుతుంది కదా! అలాగే ఉబ్బే ఊపిరితిత్తి కదలని పిన్నుల వరుస ప్రక్కన చినుగుతుంది. మంచి ఊపిరితిత్తిలో ఆ చినుగు రెండు మూడు రోజులలో తానే అతుక్కుంటుంది. బీడీ వల్ల ఉబ్బిపోయిన ఊపిరితిత్తిలో, పాత టీబీతో మచ్చలుపడి గట్టిబారిన ఊపిరితిత్తిలో ఎక్కువ రోజులు పడుతుంది. ఐదు రోజులు దాటి గాలి కారితే దానిని ‘దీర్ఘకాలపు గాలి లీకు’ అని లెక్కిస్తారు.

ఆ గాలి బయటికి పోవడానికే ప్రక్కలో గొట్టం పెట్టి, దాని కొనను సీసాలోని నీటిలో ముంచుతారు. గాలి బుడగలుగా బయటికి వస్తుంది, బయటి గాలి లోపలికి పోలేదు. బుడగలు వస్తున్నంతకాలం ఆ సీసా రోగిని కాపాడుతున్నదని అర్థం. చాలామందికి ఓపికగా ఆగితే చాలు. ఆగకపోతే సర్జన్లు వేరే ఉపాయాలు చేస్తారు. రోగి రక్తమునే కొంచెం తీసి గొట్టం ద్వారా లోపలికి ఎక్కించి అతుక్కునేలా చేయడం ఒకటి. ఒకే వైపు తెరుచుకొనే కవాటము పెట్టి ఇంటికి పంపడం మరొకటి. ఏదీ పనిచేయనప్పుడు మళ్ళీ ఆపరేషను. మీ తమ్మునికి పదకొండు రోజులకు ఆగింది. పాత టీబీ ఉన్న ఊపిరితిత్తికి ఇది అనుకోని సంగతి కాదు. ఆ మాట ముందే ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే మీ ఇంటిలో ఆ పదకొండు రోజులు ఇంత భారముగా గడిచేవి కావు.

చిన్న రంధ్రాలని చెప్పి పెద్దగా ఎందుకు కోశారు?

స్టేప్లరు పట్టకపోవడానికి కారణాలు మూడు విధాలు. మొదటిది కణజాలము. పిన్నులు రకరకాల ఎత్తులలో వస్తాయి. పలుచని రక్తనాళానికి పొట్టి పిన్నులు, మందమైన శ్వాసనాళానికి పొడుగు పిన్నులు. ఏది ఏదో తెలియడానికి వాటి పెట్టెలకు రంగులు ఉంటాయి. మందమైన చోట పొట్టి పిన్ను వేస్తే అది పూర్తిగా ముడుచుకోదు. పలుచని చోట పొడుగు పిన్ను వేస్తే వదులుగా ఉండి రక్తం కారుతుంది. టీబీ వచ్చి తగ్గినవారిలో శ్వాసనాళాల ప్రక్కనున్న గ్రంథులు సున్నపురాయిలాగా గట్టిపడి రక్తనాళానికి అంటుకొని ఉంటాయి. అది దవడల మధ్య చిక్కితే పిన్నులు వంకరపోతాయి, లేక దవడలు బిగిసి తెరుచుకోవు.

రెండవది పరికరము. అరుదుగా, పిన్నులు సరిగా దిగకుండానే కత్తి జరుగుతుంది. శ్వాసనాళం దగ్గర ఇలా జరిగితే గాలి పోతుంది, సరిచేయడానికి కొంత వ్యవధి ఉంటుంది. ఊపిరితిత్తి ధమని దగ్గర జరిగితే వ్యవధి ఉండదు. గుండె కుడివైపు పంపే రక్తమంతా, అంటే నిమిషానికి సుమారు ఐదు లీటర్లు, ఊపిరితిత్తుల గుండానే పోతుంది. ఆ ధమని గోడ మహా పలుచన. అటువంటప్పుడు సర్జను చేసే మొదటి పని గుడ్డ ఉండతో అదిమిపట్టడం. రెండవ పని, అవసరమైతే, ప్రక్క తెరవడం.

మూడవది చేయి. పట్టవలసిన నాళానికి బదులు ప్రక్క నాళాన్ని పట్టే ప్రమాదం ఉన్నది. అందుకే జాగ్రత్తగల సర్జను శ్వాసనాళాన్ని దవడల మధ్య పట్టిన తరువాత వెంటనే నొక్కడు. మత్తు డాక్టరును ఊపిరితిత్తిలోకి కొంచెం గాలి పంపమంటాడు. మిగలవలసిన భాగాలు ఉబ్బితే సరియైన నాళమే పట్టినట్లు. అప్పుడే కోస్తాడు.

కనుక ఆపరేషను మధ్యలో ప్రక్క తెరవడం ఓటమి కాదు. చాలాసార్లు అదే ప్రాణం కాపాడే నిర్ణయం. చిన్న రంధ్రాలతోనే ముగించాలనే పట్టుదలతో కూర్చోవడమే అపాయం. “మొదలు చిన్నగా చేస్తాము, అవసరమైతే తెరుస్తాము” అనే మాట ఆపరేషనుకు ముందే చెప్పి, దానికి ముందే సంతకం తీసుకోవడం మంచి పద్ధతి. ఆపరేషను గది తలుపు దగ్గర, కంగారులో తీసుకొన్న సంతకం వల్లనే మీ ఇంటిలో అనుమానం పుట్టిందని మీ ఉత్తరం చదివితే తెలుస్తున్నది.

తప్పు ఎవరిది?

ఉత్తరం చూచి ఈ ప్రశ్నకు తీర్పు చెప్పడం ఎవరికీ న్యాయం కాదు. “ఎప్పుడూ డాక్టరుదే తప్పు” అనడం ఎంత పొరపాటో, “ఆపరేషను అన్న తరువాత ఇవన్నీ మామూలే” అని నోరు మూయించడం కూడా అంతే పొరపాటు.

పరికరాలలో లోపము లేదని ఎవరూ అనలేరు. అమెరికాలో మందులను, వైద్య పరికరాలను పర్యవేక్షించే ఎఫ్.డి.ఏ. సంస్థ 2019 మార్చిలో వైద్యులందరికీ ఒక హెచ్చరిక లేఖ వ్రాసింది. 2011 జనవరి నుండి 2018 మార్చి వరకు శరీరం లోపల వాడే స్టేప్లర్ల విషయమై తమకు 41,000కు పైగా ఫిర్యాదులు అందాయని, వాటిలో 366 మరణాలు, 9,000కు పైగా తీవ్రమైన గాయాలు ఉన్నాయని తెలిపింది. ఇవి ఊపిరితిత్తులకే సంబంధించినవి కావు, కడుపు, ప్రేగులు మొదలైన అన్ని అవయవాలవి. ఫిర్యాదు ఉన్నంత మాత్రాన మరణానికి స్టేప్లరే కారణమని కూడా కాదు. పిన్నుల వరుస విడిపోవడం, పిన్నులు సరిగా ముడుచుకోకపోవడం, పరికరం పేలకపోవడం, సరికాని ఎత్తు పిన్నులు ఎన్నుకోవడం, ఇవి ఆ లేఖలో చెప్పిన ముఖ్యమైన లోపాలు. 2021 అక్టోబరులో ఆ సంస్థ ఈ స్టేప్లర్లను తక్కువ అపాయపు తరగతి నుండి తీసి, మరింత కట్టుదిట్టమైన తరగతిలో చేర్చింది. మన దేశంలో కూడా వైద్య పరికరాల వల్ల కలిగే హానిని నమోదు చేయడానికి 2015లో ఒక జాతీయ కార్యక్రమం మొదలైంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దానిని నడుపుతున్నది. పరికరం చెడిందని మీ డాక్టరే చెప్పారు గనుక, ఆ సంగతి అక్కడికి తెలియజేశారా అని మర్యాదగా అడగవచ్చు. ఆ అడగడంలో కోపం అక్కరలేదు. రేపు ఇంకొక రోగికి అది మేలు చేస్తుంది.

కేసు అనే మాటకు ముందు కాగితాలు చూడాలి. 2002 నాటి భారత వైద్య మండలి నియమాల ప్రకారం రోగి గాని, అతని తరపువారు గాని అడిగితే 72 గంటలలో వైద్య రికార్డులు ఇవ్వాలి. డిశ్చార్జి కాగితం ఒక్కటే చాలదు. ఆపరేషను నోట్సు అడగండి. ఎక్కడ స్టేప్లరు పట్టలేదు, ఎందుకు తెరిచారు, ఎంత రక్తం పోయింది అనేవి దానిలో ఉండాలి. వాడిన పిన్నుల పెట్టెల మీది లాటు నంబరు కేసు షీటులో నమోదై ఉన్నదేమో చూడండి. ఆ కాగితాలు పట్టుకొని వేరొక ఛాతీ సర్జను దగ్గర కూర్చోండి. అప్పుడు మీకు నిజం తెలుస్తుంది. నిజం తెలిసిన తరువాత ఏ నిర్ణయమైనా చేయవచ్చు.

చెకప్ ఎందుకు మానకూడదు?

కొన్ని ఇబ్బందులు ఇంటికి వచ్చిన తరువాత కనబడతాయి. వీటిని ఇంటిలో అందరూ తెలిసికొని ఉండాలి.

శ్వాసనాళం మూసిన చోట విడిపోవడం అన్నిటిలో అపాయమైనది. సాధారణంగా మొదటి కొన్ని వారాలలో వస్తుంది, తరువాత కూడా రావచ్చు. జ్వరం, ఆయాసం, ఉన్నట్టుండి దగ్గుతో పలుచని ఎర్రటి నీళ్ళు ఎక్కువగా పడడం దాని గుర్తులు. అటువంటప్పుడు రోగిని కూర్చోబెట్టండి, లేక ఆపరేషను జరిగిన ప్రక్క క్రిందికి ఉండేలా పడుకోబెట్టండి. ఆ నీరు మంచి ఊపిరితిత్తిలోకి పోకూడదు. ఆలస్యం లేకుండా ఆసుపత్రికి చేర్చండి.

మెడ, ముఖము ఉబ్బి, నొక్కితే చర్మం క్రింద చిటపటలాడినట్లుంటే గాలి చర్మం క్రిందికి చేరిందని అర్థం. తరచుగా అది తానే తగ్గుతుంది గాని డాక్టరుకు చూపించాలి. ఎడమ పైభాగం తీసినవారిలో, మూసిన సిర మొదట్లో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు పోవడం అరుదుగా జరుగుతుంది. మూతి వంకరపోవడం, చేయి కాలు పడిపోవడం, మాట తడబడడం కనబడితే గంటలు కాదు, నిమిషాలు లెక్క. దగ్గులో మళ్ళీ రక్తం పడినా అంతే. ఏ మాత్రమూ ఆగకూడదు. బహు అరుదుగా, నెలలు లేక సంవత్సరాల తరువాత దగ్గులో ఒక పిన్ను బయటపడవచ్చు. దానిని దాచి తీసుకొనిపోయి చూపించండి.

క్యాన్సరు కొరకు ఆపరేషను అయినవారికి ఇంకొక కారణం ఉన్నది. పిన్నుల వరుస దగ్గర జబ్బు మళ్ళీ తలెత్తవచ్చు. అక్కడ మామూలు మచ్చ కూడా గడ్డలాగా కనబడవచ్చు. పాత స్కాను, కొత్త స్కాను ప్రక్కప్రక్కన పెట్టి చూచినవారికే తేడా తెలుస్తుంది. చెకప్‌కు పోనివారికి పాత స్కానే ఉండదు.

ఆపరేషనుకు వెళ్ళబోయే కుటుంబాలకు

మన పాఠకుల ఇళ్ళలో ఇటువంటి ఆపరేషనుకు సిద్ధపడుతున్నవారు ఉంటే ఈ మాటలు గుర్తు పెట్టుకోండి.

బీడీ, సిగరెట్టు కనీసం నాలుగు వారాల ముందు పూర్తిగా మానాలి. టీబీ వచ్చి ఉంటే ఆ సంగతి దాచవద్దు. ఎప్పుడు వచ్చింది, ఎన్ని నెలలు మందులు మింగారు అనే కాగితం చూపించండి. గుడ్లు, పప్పు, వేరుశనగలు, పాలు, కలిగినంతలో బలమైన ఆహారం పెట్టండి. బక్కచిక్కిన శరీరంలో కుట్టు త్వరగా మానదు. శ్వాస వ్యాయామము ఆపరేషనుకు ముందే నేర్చుకుంటే తరువాత నొప్పిలో కూడా చేయగలరు.

సర్జనును సంకోచం లేకుండా ఈ ప్రశ్నలు అడగండి. ఇటువంటి ఆపరేషన్లు మీరు తరచుగా చేస్తారా? మధ్యలో తెరవవలసి వస్తే ఏర్పాట్లు, రక్తం సిద్ధంగా ఉన్నాయా? పాత టీబీ వల్ల గాలి ఎన్నాళ్ళు కారవచ్చు? పిన్నుల పెట్టెలు ఎన్ని పట్టవచ్చు, కొత్తవే వాడతారా? ఒక్కొక్క పెట్టె ఒక్కసారి వాడి పారవేసేది. ఒక ఆపరేషనుకు అనేకం పడతాయి గనుక ఖర్చు కూడా పెరుగుతుంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ప్రభుత్వ పథకంలో చేరేవారు ఈ ఖర్చు దానిలో కలిసి ఉన్నదా లేదా ముందే అడగాలి. మంచి సర్జను ఈ ప్రశ్నలకు విసుగుకొనడు.

గొట్టం ఉన్న రోజులలో సీసా ఎప్పుడూ ఛాతీ కంటె క్రిందనే ఉండాలి. మంచం మీద పెట్టడం, ఎత్తి చూడడం చేయకూడదు. ఊపిరితో పాటు గొట్టంలో నీళ్ళు పైకి క్రిందికి ఊగడం సహజమే. బుడగలు వస్తున్నప్పుడు గొట్టాన్ని మడవడం, క్లిప్పు పెట్టడం ఎంతమాత్రం చేయవద్దు. గాలి లోపల చిక్కి ఊపిరాడకపోతుంది. సీసా పగిలితే గొట్టం కొనను చెంబెడు శుభ్రమైన నీళ్ళలో ముంచి, చెంబును క్రింద ఉంచి, నర్సును పిలవండి. దిండును ప్రక్కకు అదిమిపట్టుకొని దగ్గమని చెప్పండి. దగ్గితే కుట్లు తెగుతాయని భయపడి దగ్గకుండా ఉంటే కఫం చేరి నిమోనియా వస్తుంది.

చివరిగా, పరామర్శకు వెళ్ళేవారికి ఒక మాట. రోగి మంచం దగ్గర పది నిమిషాలు చాలు. దగ్గు, జలుబు ఉన్నవారు కోలుకొనేదాకా ఆగండి. “మా బంధువుకూ ఇలాగే పిన్నులు వేస్తే...” అని మొదలుపెట్టే కథలు గుమ్మం బయటనే వదిలి వెళ్ళండి. ప్రార్థన చేయండి, నాలుగు గుడ్లో, సేరు వేరుశనగలో చేతిలో పెట్టండి. చెకప్ తారీకు ఎప్పుడో అడగండి. ఎర్రగుంట్ల స్టేషను దాకా తోడు వస్తామనండి. రోగికి ఆ తోడే ఎక్కువ ధైర్యం.